సూరతు తీరమున పోటుపాటులు
(ప్రసంగ పాఠము)



సముద్రమనగానే తెలుగువారికి తూర్పుదిక్కు స్ఫురించును. విశాఖ, కాకినాడ, బందరు కన్నులముందు నిలుచును. ఆ తీరమున గూడ నీరు దినమునకు రెండుమారులు లేచి రెండుమారులు తగ్గుచునే యుండును గాని, ఆ హెచ్చుతగ్గు సామాన్యుని కంటికి అంతగా ఆనదు. పెద్దపోటు దినములందు సైతము విశాఖపట్టణమున నీటిమట్టములోని భేదము సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. ఇసుకపై కూర్చున్నవాడు నాలుగడుగులు వెనుకకు జరిగిన చాలును.

పశ్చిమతీరమున సూరతునకు సమీపముననున్న సముద్రము వేరొక స్వభావము కలది. ఉదయము పడవలు తేలియాడిన చోట మధ్యాహ్నమునకు బురదనేల బయల్పడును. సాయంకాలమునకు ఆ బురదపై తిరిగి రెండు నిలువుల నీరు నిలుచును. హజీరా దగ్గర పెద్దపోటు దినములందు ఈ భేదము ఆరు మీటర్ల పరిసరమున నుండును. ఆవలి గట్టున భావనగరము వద్ద పది మీటర్లు దాటుటయు కలదు. భారతదేశమున ఇంతటి పోటు మరెచ్చటను లేదు. సముద్రము చూడక పుట్టి పెరిగిన తెలంగాణపు చేనేత కుటుంబములు వేలసంఖ్యలో నేడు ఈ సూరతునందు నివసించుచున్నవి. అందుచేత ఈ పోటుపాటుల సంగతి భూగోళశాస్త్ర విద్యార్థులకే కాక, తెలుగువారికందరికిని తెలియదగినది.

సూరతు నగరము తాపీనది ఎడమగట్టున, సాగరసంగమమునకు కొలది మైళ్ల ఎగువన వెలసినది. తాపీనది మధ్యప్రదేశములోని బేతూలు జిల్లాలో ములతాయి వద్ద జన్మించి, 724 కిలోమీటర్లు పడమరగా ప్రవహించి, హజీరా, డుమస్ గ్రామముల నడుమ సముద్రమును చేరును. ఆ సముద్రభాగమునకే ఖంబాతు సింధుశాఖ యని పేరు. దాని ఆకారము ఊదెడు బూరను పోలినది. దీవు, దమనుల మధ్య దాని నోరు సుమారు 190 కిలోమీటర్ల వెడల్పు కలది. లోనికి పోయినకొలదిని అది ఇరుకై, తుదకు 24 కిలోమీటర్ల వరకు కుదించుకొనిపోవును. సబర్మతి, మహి, నర్మద, తాపి నదులు తెచ్చిన ఒండ్రు అందు మేటలు వేయుచుండును. ఆ మేటలు స్థిరముగా ఒకచోట నుండవు. ఒక సంవత్సరము ఓడ నడచిన దారి మరుసటి సంవత్సరము ఇసుకదిబ్బ కావచ్చును.

ఇంత పోటునకు కారణమేమి? చంద్రుని ఆకర్షణ ముఖ్యకారణమనియు, సూర్యుని ప్రభావము దానిలో సగమునకు లోపేననియు శాస్త్రజ్ఞులు తెలిపియున్నారు. అమావాస్యనాడును, పూర్ణిమనాడును సూర్యచంద్రులు ఒకే వరుసలో నిలుచుటచే రెండు ఆకర్షణలు కలిసి పర్వవేలలు పుట్టును. అష్టమి ప్రాంతమున ఒకదానికొకటి అడ్డుపడుటచే లఘువేలలు వచ్చును. కాని చంద్రుడు అందరికిని ఒక్కడే గదా! విశాఖలో ఒకటిన్నర మీటరు లేపిన చంద్రుడే భావనగరమున పది మీటర్లు లేపుట ఎట్లు?

దీనికి సమాధానము నేలలో ఉన్నది. బొంబాయి, గుజరాతు తీరములకు ఎదురుగా సముద్రపు అడుగు వందల కిలోమీటర్ల దూరము లోతులేక పరచుకొనియున్నది. మహాసముద్రమునుండి వచ్చిన పోటుకెరటము ఆ తక్కువలోతున నెమ్మదించి ఎత్తు పెరుగును. పిమ్మట బూరవంటి సింధుశాఖలో దూరి, ఇరుప్రక్కల గట్లు దగ్గరపడినకొలదిని మరింత ఎత్తగును. అంతియేగాక, ప్రతి జలాశయమునకును తనదైన ఊపు ఒకటి యుండును. తొట్టిలోని నీటిని కదల్చినచో అది ఒక నిర్ణీత కాలమున ఇటునటు ఊగుట అందరును చూచినదే. ఈ సింధుశాఖ ఊపు చంద్రుని పోటు వచ్చు కాలమునకు దగ్గరగా నున్నది. ఉయ్యెల వెనుకకు వచ్చిన క్షణముననే తిరిగి త్రోసిన అది పైపైకి పోవునట్లు, ఇచ్చటి నీరు ప్రతి పోటుకును మరికొంత పైకి లేచును.

పోటునకును పోటునకును నడుమ వ్యవధి సుమారు 12 గంటల 25 నిమిషములు. కావున నేడు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. పంచాంగ పరిభాషలో చెప్పవలెనన్న తిథికి రెండు గడియల చొప్పున వెనుకబడును. గడియయనగా 24 నిమిషములు గనుక లెక్క దాదాపు సరిపోవును. ఒక రేవున అమావాస్యనాడు పోటు ఏ వేళకు వచ్చునో తెలిసినవాడు, గడియారము లేకున్నను తిథినిబట్టి తక్కిన దినముల పోటువేళలను ఊహింపగలడు. పర్వవేల పూర్తిబలము మాత్రము అమావాస్య పూర్ణిమలనాడే కాక, ఒకటి రెండు దినములు గడచినపిమ్మట, అనగా పాడ్యమి విదియల ప్రాంతమున కానవచ్చును. గుజరాతీ బెస్తలు పోటును భరతీ యనియు, పాటును ఓట్ అనియు వ్యవహరింతురు. వలవేయు వేళను, పడవ దింపు వేళను వారు తిథినిబట్టియే నిర్ణయించుకొందురు. తెలుగు గృహములందు పంచాంగము వర్జ్యదుర్ముహూర్తములకు ఉపకరించుచున్నది. ఖంబాతు తీరమున అదే చంద్రగణన జీవనోపాధికిని, ప్రాణరక్షణకును ఉపకరించుచున్నది.

ఈ విజ్ఞానము నేటిది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో పేరు తెలియని గ్రీకు వర్తకుడొకడు వ్రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రాగ్రంథమున బరుగజ రేవు, అనగా నేటి భరూచి, వర్ణింపబడినది. ఆ సింధుశాఖ ప్రవేశము మిక్కిలి కష్టమనియు, పోటు వచ్చునప్పుడు సముద్రము ఘోషతో నదిలోనికి చొచ్చుకొనివచ్చుననియు, అమావాస్య పూర్ణిమలందు దాని ఉద్ధృతి మెండనియు ఆతడు వ్రాసెను. అచ్చటి రాజు కొలువులోని బెస్తలు పెద్ద పడవలతో ఎదురేగి, విదేశనౌకలను ఇసుకమేటల నడుమనుండి పోటువేళకు నడిపించి, పాటువేళకు లోతైన మడుగులలో నిలిపెడివారట. సముద్రము నెరిగినవానిని ప్రభుత్వము కొలువునందుంచుకొని, ఎరుగనివానికి దారి చూపించుట రెండువేల ఏండ్లనాడే ఈ తీరమున నెలకొన్న పద్ధతి.

సూరతు చరిత్రయంతయు ఈ పోటుపాటులతోడనే ముడివడియున్నది. మొగలాయీల కాలమున ఇది దేశములోని ప్రధానమైన రేవు. మక్కాయాత్రికులు ఇచ్చటినుండియే ఓడలెక్కెడివారు. కాని తాపీనది ముఖమున ఇసుకకట్ట అడ్డముగా నుండుటచే పెద్ద ఓడలు నగరమువరకు రాజాలవు. నదీముఖమునకు ఉత్తరమున సువాలీ గ్రామము వద్ద, తీరమునకును ఒక పొడవైన ఇసుకమేటకును నడుమ లోతైన కాలువ యొకటి యుండెను. ఓడలు అచ్చట లంగరు వేయుట, సరుకులు బండ్లమీదను చిన్న పడవలలోను నగరము చేరుట నాటి ఆచారము. 1612 నవంబరు 29, 30 తేదీలందు కెప్టెన్ థామస్ బెస్టు నాయకత్వమున ఆంగ్లేయుల ఓడలు పోర్చుగీసు నౌకాదళమును ఎదుర్కొన్నది ఈ సువాలీ వద్దనే. ఆ సంగ్రామమున పోర్చుగీసువారి పెద్ద నౌకలు కొన్ని ఇసుకమేటలపై తగులుకొని, పోటు వచ్చు పర్యంతము కదలలేకపోయినవి. 1615 సెప్టెంబరులో సర్ థామస్ రో జహంగీరు కొలువునకు రాయబారిగా వచ్చుచు దిగినదియు అచ్చటనే.

ఇచ్చట తెలుగువారికి బందరు జ్ఞప్తికి రాకమానదు. ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పినది 1611లో. సూరతున స్థిరపడినది 1612, 1613 సంవత్సరములలో. రెండును వస్త్రవ్యాపారముచేత ప్రసిద్ధికెక్కిన పట్టణములే. రెండు రేవులును ఒండ్రు పూడికచే కాలక్రమమున చిక్కిపోయినవి. 1687లో ఆంగ్ల వర్తకసంఘము తన పశ్చిమతీర ప్రధానస్థానమును సూరతునుండి బొంబాయికి మార్చుకొన్నది. కారణములు పెక్కు; రేవు కష్టము అందులో నొకటి.

పోటును సేవకు వినియోగించుకొనుట గూడ ఈ తీరవాసులకు తెలియును. భావనగరమునకు దక్షిణమున అలంగు వద్ద 1983 నుండి పాత ఓడలను విప్పు పరిశ్రమ నడచుచున్నది. పర్వవేలనాడు నీరు ఉచ్చస్థితిలో నుండగా ఓడను వేగముగా ఒడ్డునకు నడిపింతురు. నీరు తీయగానే అది పొడినేలపై నిలుచును. మరెచ్చటనైన కోట్ల వ్యయముతో నిర్మింపవలసిన మరమ్మతు తొట్టెను ఇచ్చట చంద్రుడు ఉచితముగా సమకూర్చుచున్నాడు. సూరతునకు దక్షిణమున, నేడు నవసారి జిల్లాలోనున్న దండి తీరమునకు చరిత్రలో స్థానము కల్పించినదియు పోటునీరే. పెద్దపోటు పల్లములలో నిలిపిపోయిన నీరు ఎండి ఉప్పుగా మారును. 1930 ఏప్రిల్ 6న మహాత్ముడు వంగి చేతికెత్తుకొన్నది ఆ ఉప్పునే. 2020 నవంబరులో హజీరానుండి ఆవలి గట్టున ఘోఘాకు వాహనములతో కూడ దాటించు ఓడ ప్రారంభమైనది. రోడ్డున 370 కిలోమీటర్ల దూరము సముద్రముపై సుమారు 90 కిలోమీటర్లయినది.

ఇంతవరకు పోటు ఒంటిగా వచ్చిన మాట. ఒంటిగా వచ్చిన పోటు వలన భయము లేదు. దాని వేళ ముందుగనే తెలియును. 1870ల దశకమునందే భారత సర్వే శాఖ వారు కెప్టెన్ బైర్డు ఆధ్వర్యమున రేవులలో నీటిమట్టములను క్రమముగా కొలువ మొదలిడిరి. 1879లో భారతదేశపు రేవులకొరకు ప్రత్యేకముగా పోటుగణన యంత్రమొకటి ఇంగ్లండులో నిర్మితమైనది. నేటికిని డెహ్రాడూన్‌నందలి సర్వే శాఖ ఏటేట పోటు పట్టికలను ప్రకటించుచునే యున్నది. వచ్చే సంవత్సరము ఫలానా దినమున ఫలానా నిమిషమున నీరు ఎంత లేచునో అందు చూచుకొనవచ్చును.

అయితే పట్టిక చంద్రసూర్యుల లెక్క మాత్రమే చెప్పగలదు. గాలి లెక్క, వాన లెక్క అది చెప్పజాలదు. వాయుపీడనము ఒక మిల్లీబారు తగ్గినచో సముద్రము సుమారు ఒక సెంటీమీటరు లేచును. తుఫాను గాలి ఆ నీటిని ఒడ్డునకు త్రోసినచో మీటర్ల లెక్కన లేచును. ఎగువను కురిసిన వాన నదిగా దిగివచ్చినచో అది మూడవది. ఈ మూడింటిలో రెండు కలిసినను సూరతునకు కష్టకాలమే.

2006 ఆగస్టు మొదటి వారమున తాపీ పరీవాహమున అతివృష్టి కురిసినది. 1972లో పూర్తియైన ఉకాయ్ ఆనకట్ట నుండి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు విడువవలసివచ్చెను. 7, 8, 9 తేదీలలో నగరములో అధికభాగము నీట మునిగినది. ఆనకట్ట నిర్వహణను గూర్చి పిమ్మట ఎంతో చర్చ జరిగెను. కాని పంచాంగము తెరచి చూచినవారికి మరొక సంగతి కనబడును. 2006 ఆగస్టు 9 శ్రావణ పూర్ణిమ. అనగా నది నిండుగా దిగివచ్చిన దినములందే సముద్రము పర్వవేలతో లేచుచున్నది. పోటువేళ నదీముఖము మూతపడిన ద్వారమువంటిది. వరదనీరు పోవుటకు దారిలేక వెనుకకు ఎగదన్నును. పశ్చిమతీరపు బెస్తలు సముద్రునికి నారికేళము సమర్పించి చేపలవేటకు ఉపక్రమించు నారియల్ పూర్ణిమ యదే. ఆనాడు సూరతున ఇంటికప్పులపై నిలిచి ఆహారపు పొట్లములకై ఎదురుచూచిన కుటుంబములెన్నియో!

గాలియు పోటును కలిసిన ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు. 1998 జూన్ 9న గుజరాతులోని కాండ్లా రేవును తుఫాను తాకినది. మరునాడు పూర్ణిమ. వేయిమందికి పైగా అసువులు బాసిరి. తెలుగుతీరమునకు వచ్చినచో, 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరు పట్టణముపై సముద్రము విరుచుకొనిపడి సుమారు ముప్పదివేలమందిని పొట్టనపెట్టుకొన్నది. దీపావళి అమావాస్య వెళ్లిన రెండవ దినమది. పర్వవేల పూర్తిబలముతో నుండు సమయము.

అయితే ఇచ్చట రెండు తీరములకును గల భేదమును గుర్తింపవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అష్టమి ప్రాంతమున, లఘువేలల దినములందు వచ్చినది. అయినను వేలాది ప్రాణములు పోయినవి. తూర్పుతీరమున పోటు భేదమే స్వల్పమగుటచే, పాటువేళ గూడ ప్రజలను కాపాడజాలదు. ఖంబాతు సింధుశాఖలో అట్లు కాదు. మూడు మీటర్ల ఉప్పెన పాటువేళ వచ్చినచో అది నిత్యము పోటునీరు చేరు గీతను గూడ దాటకపోవచ్చును. అదే ఉప్పెన పర్వవేల శిఖరమున వచ్చినచో దానిని ఆపగల గట్టు ఉండదు. ఆరుగంటల వ్యవధిలో అదృష్టమును దురదృష్టమును తారుమారగును. 2021 మే 17 రాత్రి తౌక్తే తుఫాను దీవు, ఉనాల నడుమ తీరము దాటినది శుద్ధ షష్ఠి ప్రాంతమున, పర్వవేలలు తగ్గుముఖము పట్టిన దినములలో. ప్రతి తుఫానును తిథి చూచుకొని రాదు. కావున ఈ తీరమున ‘తుఫాను ఎచ్చట దాటును?’ అను ప్రశ్నతో సమానముగా ‘ఏ తిథిన, ఏ గడియలో దాటును?’ అను ప్రశ్నయు ముఖ్యమైనది.

ఇక సూరతులోని తెలుగువారి విషయము. తెలంగాణ జిల్లాలనుండి తరలివచ్చిన పద్మశాలీ కుటుంబములు లింబాయత్, ఉధనా మొదలగు ప్రాంతములందు మరమగ్గములపై జీవించుచున్నవి. నగరపాలక సంస్థ వారు తెలుగు మాధ్యమమున పాఠశాలలు గూడ నడిపిరి. ఈ పేటలలో కొన్ని పల్లపు భూములు. ప్రక్కనే మీఠీ ఖాడీ వంటి కాలువలు ప్రవహించుచుండును. ఖాడీ నీరు తుదకు సముద్రపు పోటు సోకు పాయలలో కలియవలసినదే. పోటువేళ భారీవర్షము కురిసినచో ఆ నీరు ముందుకు సాగక పేటలలోనికి ఎగబ్రాకును. తాపీ గట్టునకు దూరముగా నున్నాము గదా యని నిశ్చింతగా నిద్రించినవాని మంచముక్రిందికి గూడ నీరు వచ్చుట కలదు. సముద్రము కంటికి కనబడని చోట సముద్రమునకు జంకవలసియుండుట, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి వచ్చినవానికి ఎవరు చెప్పిన తెలియును?

చెప్పు సంస్థలకు కొదువ లేదు. 1875లో స్థాపితమైన భారత వాతావరణ శాఖకు అహమ్మదాబాదునందు తుఫాను హెచ్చరికా కేంద్రము కలదు. సముద్రపు అలల ఎత్తు, ప్రవాహముల వేగము, చేపలు దొరకు తావులు, సునామీ ప్రమాదము – ఇవి తెలుపు జాతీయ సముద్ర సమాచార కేంద్రము సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున హైదరాబాదులో 1999 నుండి పనిచేయుచున్నది. సూరతు బెస్తవానికి రేపటి అలల సంగతి తెలుగుగడ్డనుండి చేరుచున్నది! కేంద్రప్రభుత్వము పశ్చిమతీరమున జూన్ 1 నుండి జూలై 31 వరకును, తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకును యాంత్రిక నౌకల చేపలవేటను నిలుపుదల చేయుచున్నది. చేపల సంతానవృద్ధి కొరకు ఏర్పడిన నియమమే అయినను, పశ్చిమతీరమున నైరృతి గాలులు ఉద్ధృతముగా వీచు మాసములందు బెస్తవాని ప్రాణమును గూడ అది కాపాడుచున్నది.

కొరవడునది చివరిమెట్టు. కార్యాలయమునుండి హెచ్చరిక బయలుదేరిన దినము, గంట, నిమిషము దస్త్రములో నమోదగును. అది లింబాయత్‌లోని మగ్గము చప్పుళ్ల నడుమ పనిచేయువానికి చేరినదో లేదో, చేరినను అతనికి బోధపడిన భాషలో చేరినదో లేదో ఏ దస్త్రమునందును ఉండదు. ‘ఉకాయ్ నుండి ఇన్ని లక్షల క్యూసెక్కులు’ అనిన మాట ఇంజనీరునకు చాలును. ‘రేపు పూర్ణిమ, రాత్రి పోటువేళకు ఖాడీ నీరు పొంగును, పిల్లలను, బియ్యమును, కాగితములను మేడపైకి చేర్చుకొనుడు’ అని తెలుగున చెప్పినమాట ఆ ఇల్లాలికి కావలెను. ఇందుకు క్రొత్త శాఖలు అక్కరలేదు. పేటలోని పాఠశాల ఉపాధ్యాయుడు, పద్మశాలీ సంఘపు కార్యదర్శి, ప్రభుత్వోద్యోగములలోనున్న తెలుగువారు తలచుకొన్నచో ఒక ఏటి పోటు పట్టికలోని పర్వవేలల తేదీలను గోడ కాలెండరుపై ఎర్రసిరాతో గుర్తించి ఇంటింటికి ఇచ్చుట ఎంతపని?

భారతదేశపు రేవులలో తుఫాను సంకేతములు పదునొకండు కలవు. పగలు గురుతులు, రాత్రి దీపములు ఎత్తుదురు. ఒకటి మొదలు పది వరకు ప్రమాదము ఎంత దూరమున నున్నదో, ఎంత తీవ్రమైనదో తెలుపును. పదునొకండవ సంకేతమునకు అర్థము వేరు. హెచ్చరికా కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది, ప్రతికూల వాతావరణపు ప్రమాదము కలదని స్థానికాధికారి తలచుచున్నాడు అని దాని భావము. అన్నింటికిని చివర నున్నది అదియే. గాలికంటెను, నీటికంటెను మాట అందకపోవుటయే ఎక్కువ ప్రమాదము.

వినువానికి తెలియని భాషలో వచ్చిన హెచ్చరికయు అతనిపాలిట పదునొకండవ సంకేతమే. రెండువేల ఏండ్ల క్రిందట భరూచి రాజు తన బెస్తలను పంపి పరదేశి ఓడలను మేటల నడుమనుండి నడిపించెను. నేడు ఆ తీరమునకు బ్రతుకుతెరువుకై వచ్చిన తెలుగు పరదేశికి అట్టి దారి చూపువారు కావలెను. చంద్రుడు తన వేళ తప్పడు. సముద్రము తన వేళ తప్పదు. మనుష్యుని మాట గూడ వేళ తప్పకుండ చేరినచో సూరతు పోటుకు జంకవలసిన పని ఎవ్వరికిని ఉండదు.

స్వస్తి.